పచ్చోడి చెయ్యి

రాకెట్ సినిమాల్లో అంతమంది అంత బిగుతు బట్టలు వేసుకుని తిరుగుతుంటారు కదా, వాటిని ఎవరు కుడతారన్నది మాస్కుల మేస్త్రి వాళ్లక్కకు చిన్నప్పటి నుంచీ తీరని అనుమానం. ఆ రాకెట్ ఓడలో వంటవాడు కనిపించడు, బట్టలు ఉతికేవాడు కనిపించడు, మిషను ముందు కూర్చున్న మనిషి అసలే కనిపించడు. కెప్టెన్ పోట్లాటలో భుజం దగ్గర చొక్కా చింపుకుంటాడు, తర్వాతి సీన్‌కల్లా కొత్త చొక్కాతో నిలబడతాడు. "కుట్టించుకోవడానికి ఏ గ్రహానికి వెళ్లొచ్చాడ్రా వీడు?" అని ఆవిడ హాల్లోనే పైకి అడిగేసేది. ముందు వరసవాళ్లు వెనక్కి తిరిగి చూసేవాళ్లు. పక్కనున్న తమ్ముడు సిగ్గుతో కుర్చీలోకి కూరుకుపోయేవాడు. ఆ సిగ్గు వేరు. అది ఇల్లు చేరేలోపు నవ్వులోకి దిగిపోయేది. ఇప్పుడు చెప్పబోయే సిగ్గు అలా దిగలేదు.

అక్క దర్జీ. బజారు చివర, మేడమెట్ల కింద ఇరుకు గదిలో ఆవిడ కొట్టు. కొత్తవి కుట్టడం కంటే పాతవి సరిచేయడంలో ఆవిడ పేరు చెప్పుకుంటారు. లావైన వాళ్లకు వదులు చేసి, చిక్కిన వాళ్లకు బిగించి, "మీ ఒంట్లో ఏ తప్పూ లేదండీ, ఈ బట్టకే బుద్ధి లేదు" అని సర్దిచెప్పి పంపుతుంది. ఆవిడ కుడిచేతికి పుట్టుకతోనే మూడు వేళ్లు. బొటనవేలు అందరిలాంటిదే. మిగిలిన రెండూ లావుగా, పొడుగ్గా, కొసలు లోపలికి వంగి ఉంటాయి. ఆ చేత్తోనే సూదిలో దారం ఎక్కిస్తుంది, టేపు పట్టుకుంటుంది, బేరాలాడుతుంది. మాట్లాడేటప్పుడు ఎడమచెయ్యి ఒళ్లో ఉంటుంది, కుడిచెయ్యి గాల్లో ఉంటుంది. కొత్తవాళ్లెవరైనా కళ్లప్పగించి చూస్తే, "బాగా చూడండి, దీనికి టికెట్టేం లేదు" అంటుంది. ఆవిడ ఏనాడూ ఆ చేతిని దాచి ఎరగదు. పెళ్లిఫొటోలో ఫొటోగ్రాఫరు ఎడమచెయ్యి పైకి పెట్టమ్మా అన్నాడట. "మరి కుడిది అలిగితే మీరు బతిమాలతారా?" అందట ఈవిడ. బావ ఇప్పటికీ ఆ మాట తలుచుకుని నవ్వుతుంటాడు.

అక్కాతమ్ముళ్లిద్దరికీ ఈ రాకెట్ సినిమాల పిచ్చి చిన్నప్పుడే పట్టింది. దానికో కారణం ఉంది. ఒక పాత సినిమాలో ఓ పెద్ద ఓడ, ఆ ఓడలో పిల్లలకో బడి. ఒకడికి కళ్లు నెత్తి మీదున్నాయి, ఇంకొకడికి మోకాళ్లు వెనక్కి వంగుతాయి. టీచరు హాజరు వేస్తుంటే ఒకడు తోక ఎత్తుతాడు, ఒకడు చెవి ఎత్తుతాడు. హాలంతా పకపకా నవ్వింది. అక్క మాత్రం నోరు తెరవలేదు. ఇంటికి నడిచి వస్తుంటే అప్పుడంది: "ఆ బడిలో ఎవడూ ఎవడి వేళ్లూ లెక్కపెట్టలేదు, చూశావా?"

అంతే, ఆ రోజు నుంచి ఆవిడ ఆ సినిమాలకు అంకితమైపోయింది. అలాగని గుడ్డిగా మెచ్చుకునే రకం కాదు. ఇష్టమైన వాళ్లనే కదా మనం ఎక్కువ తిడతాం. ఆవిడ లెక్క ప్రకారం ప్రతి రాకెట్ సినిమా రెండు సినిమాలు. ఇంటర్వెల్ దాకా ఒకటి, తర్వాత ఒకటి. "ముందు సగంలో మనం ఎన్నడూ చూడనిదాన్ని చూపిస్తార్రా. దాన్ని చూసి నోరెళ్లబెడతాం చూడు, అలా నోరెళ్లబెట్టించడం ఇంకే సినిమా వల్లా కాదు. ఇక ఇంటర్వెల్ అయ్యాక, చూపించినదాన్ని తీరిగ్గా చంపుతారు. అన్ని కోట్ల మైళ్లు పోయి కూడా అక్కడ వీళ్లకు తోచేది తుపాకీయే." ఆ సినిమాల్లో సైంటిస్టులు పుస్తకం తెరిచిన పాపాన పోరు, మీట మాత్రం నొక్కుతారు. గాలే లేని చోట చప్పుడు ఎలా వస్తుందో ఎవడూ చెప్పడు. అవతలి గ్రహంవాడు చెడ్డవాడైతే చాలు, వాడికి ఏదో ఒక అవకరం ఉండి తీరాలి. ఈ చివరి సంగతి మాత్రం అక్క ఎప్పుడూ నవ్వుతూ చెప్పలేదు.

తమ్ముడు మాస్కులు చేసే పనిలోకి రావడానికీ ఆ సినిమాలే కారణం. చిన్నప్పుడు కాగితాలు నానబెట్టి ఇంట్లో వాళ్లందరికీ గ్రహాంతర ముఖాలు చేసి తగిలించేవాడు. పెద్దయ్యాక స్టూడియో వెనక రేకుల షెడ్డులో కుదిరాడు. గాయాలు, బట్టతలలు, ముసలి చర్మం, పగలగొట్టడానికి విగ్రహాల తలలు, ఇవీ అతని పనులు. షెడ్డులో గోడ పొడవునా అరలు. అరల నిండా ప్లాస్టర్ ముఖాలు, చెవులు, ముక్కులు. పేరున్న నటులంతా అక్కడ కళ్లు మూసుకుని వరసగా ఉంటారు. ఆ పనిలో ఒక పద్ధతి ఉంది. మనిషి ఒంటి మీద నుంచి తీసిన అచ్చును ఎవరూ పారెయ్యరు. ఎప్పుడు ఏది పనికొస్తుందో తెలియదు. ఒక ముసలి నటుడి ముక్కు తెచ్చి రాక్షసుడికి పెడతారు, హీరో గడ్డం తెచ్చి విగ్రహానికి అతికిస్తారు. ఆ ముక్కు ఎవరిదో వాళ్లను అడగరు. అడగాలన్న ఆలోచన కూడా ఆ షెడ్డులో ఎవరికీ ఎప్పుడూ రాలేదు.

అక్క చెయ్యి ఆ అరలోకి ఎలా వచ్చిందంటే, పూర్తిగా ప్రేమతోనే వచ్చింది. మామూలు కత్తెర పిడి ఆవిడ వేళ్లకు సరిపడక పుండ్లు పడుతుండేవి. "నీ చేతికి అచ్చు తీసి, దానికి సరిగ్గా పిడి చేసి ఇస్తానక్కా" అన్నాడు తమ్ముడు. ఒక ఆదివారం ఆవిడ షెడ్డుకొచ్చింది. పళ్లడాక్టర్లు వాడే పొడిని నీళ్లలో కలిపి, అది గట్టిపడేదాకా చెయ్యి అందులో పెట్టించాడు. చల్లగా ఉందని ఆవిడ ఒకటే నవ్వు. కదలకే, కదలకే అని ఇతను. చెయ్యి తీశాక ఆ గుంటలో ప్లాస్టర్ పోశాడు. మర్నాడు చూస్తే గోళ్లు, గీతలు, బొటనవేలి మీద సూది గుచ్చుకున్న మచ్చలు, అన్నీ దిగాయి. పిడి బ్రహ్మాండంగా కుదిరింది. ప్లాస్టర్ చెయ్యి అరలో మిగిలింది.

తర్వాత ఆ సినిమా వచ్చింది. తీసే డైరెక్టరు కుర్రవాడు, హుషారుగలవాడు. సైన్సులో అతనికి ఎన్ని మార్కులొచ్చాయో మనకెందుకు గానీ, మాట మాత్రం తియ్యన. "మేస్త్రీ, మన సినిమాలో గ్రహాంతర జీవి మొత్తం నీదే. తల నుంచి గోరు దాకా నువ్వే. టైటిల్స్‌లో నీ పేరు వేయిస్తాను" అన్నాడు. ఇన్నేళ్ల పనిలో మేస్త్రి పేరు తెర మీద పడలేదు. అందరి ముఖాలూ పడ్డాయి. అక్కకు ఈ మాట చెబితే ఆవిడ మిషను ఆపేసి, లేచి వచ్చి, ఆ మూడు వేళ్లతోనే తమ్ముడి చెవి పట్టుకుని ఊపింది. "నేను చచ్చేలోపు ఒక్క మంచి గ్రహాంతరవాణ్ణి చూపించరా" అంది.

తల కుదిరింది, ఒళ్లు కుదిరింది. ఒళ్లు పచ్చగా ఉందని యూనిట్‌వాళ్లు దానికి పచ్చోడని పేరు పెట్టేశారు. చేతుల దగ్గరే వచ్చింది చిక్కు. పీత డెక్కల్లాంటివి చేసి చూపించాడు, చెట్టు వేళ్లలాంటివి చేసి చూపించాడు. డైరెక్టరు పెదవి విరిచాడు. "ఇవి బొమ్మ చేతులు మేస్త్రీ. బొమ్మని చూసి ఎవడు భయపడతాడు? నాకు ప్రాణమున్నది కావాలి." సెట్టు వేసేశారు, నటుడు ఒళ్లంతా పచ్చరంగు పూసుకుని కూర్చున్నాడు, నలుగురూ షెడ్డు వైపే చూస్తున్నారు. ఇంకెవరినైనా పిలిపిద్దామా అన్న మాట మేస్త్రి చెవిన పడింది.

అప్పుడు అతని కళ్లు అర మీదికి వెళ్లాయి. ఊరికే కొలతలు చూద్దామనుకున్నాడు. ఇలాంటప్పుడు మనకు మనం చెప్పుకునే మాటలు ఎంత మర్యాదగా ఉంటాయో! ప్లాస్టర్ చేతి మీద మట్టి పొర వేసి పెంచాడు, నటుడి వేళ్లు రెండేసి చొప్పున పట్టేలా రబ్బరు తొడుగు తీశాడు. అంతటితో ఆగలేదు. కథలో చివర హీరో పచ్చోడి చెయ్యి నరుకుతాడు. ఆ తెగిన చేతిని కెమెరా దగ్గరగా చూపించాలి. దానికి పెంచడం, మార్చడం ఏమీ అక్కర్లేదు. అక్క చెయ్యి ఎలా ఉందో అలాగే రబ్బరులో పోసి, పచ్చరంగు కొట్టి, మణికట్టు దగ్గర ఎముక పెట్టి, నరాలకు తీగలు పెట్టి ఇచ్చాడు.

డైరెక్టరు దాన్ని చూసి ఒక అడుగు వెనక్కి వేశాడు. "అబ్బబ్బ! కడుపులో తిప్పుతోంది మేస్త్రీ! ఎక్కడ పట్టావయ్యా దీన్ని?"

"ఏదో, ఊహ సార్" అన్నాడు మేస్త్రి.

అన్నాడు సరే, అని సంతోషించాడు కూడా. అసలు సిగ్గుపడాల్సింది అక్కడ. కడుపులో తిప్పుతోందన్న మాటకు మనవాడి ఛాతీ పొంగింది. సాయంత్రం కుళాయి దగ్గర చేతుల రంగు కడుక్కుంటుంటే ఆ మాట మళ్లీ వినిపించింది గానీ, కుళాయి కట్టేసి ఇంటికి వచ్చేశాడు. తర్వాత భార్య అన్నం క్యారేజీ ఇవ్వడానికి షెడ్డుకొచ్చి, బల్ల మీదున్నదాన్ని ఒక్క చూపులో పోల్చింది.

"ఇది వదిన చెయ్యి కదండీ?"

"రంగు వేస్తే ఎవరికి తెలుస్తుందే."

"నాకు తెలిసిందిగా. వదినకు చెప్పారా?"

"చెబుతాలే. అసలు సినిమా ఆడితే కదా" అన్నాడు. చెప్పలేదు. సినిమా ఆడింది.

మామూలుగా ఆడలేదు, పిల్లలు ఎగబడ్డారు. అక్క వెళదాం పదమంటుంటే మేస్త్రి నిప్పులు తొక్కినట్టు గంతులేశాడు. సినిమాలో గోల ఎక్కువన్నాడు, కథ లేదన్నాడు, నీ నడుం నొప్పికి ఆ కుర్చీలు పడవన్నాడు. ఆవిడకు నవ్వొచ్చింది. "నీ పేరు పడే సినిమాకి నేను రాకపోతే ఇంకెవరొస్తార్రా?" అంది. కొట్టుకు తాళం వేసి, దాచుకున్న బట్టలు తీసి కట్టుకుని, తమ్ముడి చెయ్యి పట్టుకుని హాల్లోకి నడిచింది. ఎడిటింగులో ఆ ముక్క పోయి ఉంటే బాగుండునని మేస్త్రి మొక్కని దేవుడు లేడు.

టైటిల్స్‌లో పేరు పడింది. అక్క చప్పట్లు కొట్టింది. ఆవిడ చప్పట్లకు ఒక విడి చప్పుడు ఉంటుంది, హాల్లో వంద మంది ఉన్నా మేస్త్రి పోల్చగలడు.

ముందు సగం నిజంగానే బాగుంది. ఊరికి దూరంగా ఒక వాతావరణ కేంద్రం. అందులో ఒంటరిగా డ్యూటీ చేసే అమ్మాయి. ఆ ఆవరణలో పచ్చోడు వచ్చి పడతాడు. మాట రాదు, భయం. ఆ అమ్మాయి వాణ్ణి గదిలో దాచుకుంటుంది. బయట వాన పడుతుంటే వాడు కిటికీ అద్దం మీద ఇవతల నుంచి చినుకుల్ని పట్టుకోబోతాడు. కుళాయి తిప్పడం నేర్చుకుంటాడు, నీళ్లు పడుతుంటే కింద అరచెయ్యి పెట్టి అలాగే ఉండిపోతాడు. హాల్లో చిన్నపిల్లలు కూడా చప్పుడు చేయలేదు. బట్టలు ఎవరు కుట్టారని అక్క అడగలేదు. తెర మీద ఆ చెయ్యి కనిపించినప్పుడల్లా ముందుకు వంగి చూస్తోంది. ఒకసారి తల దించి ఒళ్లో ఉన్న తన చెయ్యి చూసుకుంది. మళ్లీ తెర చూసింది.

మేస్త్రి గబుక్కున తెర మీదికి కళ్లు తిప్పేసుకున్నాడు.

"ఒరేయ్" అంది అక్క గుసగుసగా. "నాదే కదరా?"

అతను తలూపాడు. అక్క తన కుడిచెయ్యి తెచ్చి తమ్ముడి చేతి మీద వేసి గట్టిగా నొక్కింది. ఆ వెలుగులో ఆవిడ ముఖం చూశాడు. పొంగిపోతోంది. ఇన్నేళ్లుగా చూస్తున్న సినిమాల్లో ఇప్పుడు తన చెయ్యి ఉంది. అది వానను ముట్టుకోవాలని చూస్తోంది, దాన్ని చూసి హాలంతా ముచ్చటపడుతోంది. తమ్ముడు తనకోసం అలా చేశాడనుకుంది. "ముందే చెప్పొచ్చు కదరా వెధవా" అంది.

ఇంటర్వెల్‌లో చెబుదామనుకున్నాడు. బయటికి వెళ్లిపోదాం పద అందామనుకున్నాడు. అక్క టీ తాగుతూ, పక్కన నిలబడ్డ ముక్కూముఖం తెలియని వాళ్లకు "మా తమ్ముడే చేశాడండీ" అని చెబుతోంది. ఆ సంతోషాన్ని పాడుచేయడానికి నోరు రాలేదు అనుకున్నాడు. అది కూడా అబద్ధమే. ఆ సంతోషం ఇంకొంచెంసేపు తన మీద పడుతుంటే అతనికి హాయిగా ఉంది, అదీ అసలు సంగతి.

రెండో సగంలో హీరో వచ్చాడు. వచ్చాక పచ్చోడు ఉన్నట్టుండి చెడ్డవాడైపోయాడు. ఎందుకు అయ్యాడో డైరెక్టరును అడిగినా చెప్పలేడు. హీరో ఉన్నాక కొట్టడానికి ఎవడో ఒకడుండాలి కదా. పచ్చోడు ఆ అమ్మాయి గొంతు పట్టుకున్నాడు. అదే చేత్తో. పిల్లలు కేకలు పెట్టారు. "ఛీ, ఆ చెయ్యి చూడు!" అని వెనక నుంచి ఎవరో అన్నారు. హీరో గొడ్డలి ఎత్తాడు. చెయ్యి తెగి నేల మీద పడింది. తెర నిండా అదే. గోళ్లు, గీతలు, బొటనవేలి మీద సూది మచ్చలు. పడ్డాక కూడా అది వేళ్లు ముడుచుకుంటూ పాకింది. హీరో బూటు ఎత్తి దాని మీద వేసి నలిపాడు. హాలంతా ఒకటే ఈలలు, చప్పట్లు.

రెండో సగంలో కూడా మేస్త్రి చేతి మీదే ఉన్న అక్క చెయ్యి బరువు తీసేసినట్టు తెలిసింది. పక్కకు తిరిగి చూసే ధైర్యం లేకపోయింది. తల కొట్టేసినట్టయింది.

బయటికి వచ్చాక అక్క ఒక్క తప్పూ పట్టలేదు. "లైటింగు బాగుంది" అంది. కొంచెం దూరం నడిచాక, "ఆ అమ్మాయి కూడా బాగానే చేసింది" అంది. ఆవిడ తిట్టి ఉంటే మేస్త్రి ఆవిడ కాళ్ల మీద పడిపోయేవాడు. ఇంట్లో కాలుపెట్టగానే భార్య అతని ముఖం చూసి ఏమీ అడగకుండా మంచినీళ్లు తెచ్చిచ్చింది.

ఆ తర్వాత అతను కొట్టుకు వెళ్లినప్పుడు అక్క కుడిచెయ్యి కనిపించలేదు. ఒళ్లో మడతపెట్టిన గుడ్డ ఉంది, చెయ్యి ఆ గుడ్డ కింద ఉంది. ఎడమచేత్తో టీ గ్లాసు అందించింది. మాటలు మామూలుగానే ఉన్నాయి. బావ దగ్గు గురించి చెప్పింది, అద్దె పెంచుతానంటున్న ఇంటాయన గురించి చెప్పింది. చెయ్యి బయటికి రాలేదు. ఇంకోసారి వెళ్లాడు, అప్పుడూ అంతే. ఏనాడూ దాచని మనిషి దాచింది. బజారంతా ఆ సినిమా చూసింది కదా, ఏ పిల్లాడో వేలు పెట్టి చూపించి ఉంటాడు, ఎవరో మొహం తిప్పుకుని ఉంటారు అని మేస్త్రి ఊహించుకున్నాడు. ఇక ఆవిడ ఏ ఖాతాదారు ముందూ ఆ చెయ్యి తీయదేమో, కొలతలు ఎలా తీస్తుంది, కత్తెర ఎలా పడుతుంది? ఆవిడ నలుగురిలో ఎత్తి తిరిగిన చేతిని నలుగురిలోనే దించేలా చేశానని అతనికి అన్నం సహించలేదు. షెడ్డులో పని చేస్తుంటే అరల్లో ఉన్న ముఖాలను చూడలేక అటు వీపు పెట్టి కూర్చునేవాడు.

చివరికి ఒక మధ్యాహ్నం, కొట్టులో ఎవరూ లేని వేళ చూసి వెళ్లాడు. స్టూలు లాక్కుని కూర్చున్నాడు. దారిలో నాలుగైదుసార్లు వల్లె వేసుకున్నది అప్పజెప్పాడు.

"అక్కా, నాకు కథ తెలియదే. నువ్వు చూశావు చూడు, ఆ ముందు సగమే చెప్పారు నాకు. మంచివాడని చెప్పారు. అందుకే నీ చెయ్యి పెట్టాను. నరుకుతారని తెలిస్తే పెట్టేవాణ్ణా? చివర్లో వాళ్లు మార్చేశారు."

అక్క వింది. కోపం రాలేదు, తల ఊపలేదు. గుడ్డ కింద చెయ్యి కొంచెం కదిలింది.

"తెగిన ముక్కలో ఎముక ఎవరు పెట్టార్రా?" అని అడిగింది.

మేస్త్రి చూపు గుడ్డ మీద నుంచి మిషను మీదికి తప్పుకుంది.

"రబ్బరు అంచు లోపలికి తిప్పి, మళ్లీ మడిచి, అతుకు పైకి కనబడకుండా పెట్టావు. అది నేను నీకు నేర్పిన మడత. నీ కోటు చేతులకి వేసేదాన్ని, పక్కన కూర్చుని నేర్చుకున్నావు. వేరేవాళ్లెవరూ అంత శుభ్రంగా వేయరు." గుడ్డ మడత సర్దుకుని, "ఎంత ఓపిగ్గా చేశావురా!" అంది.

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. పనితనం తెలిసిన మనిషి ఇంకొకరి పనిని చూసి అనే మాటే అది. అందుకే మేస్త్రికి చచ్చిన చావయింది. ముఖం రెండు చేతుల్లో పెట్టుకుని, జరిగింది జరిగినట్టు చెప్పాడు. కథ అంతా తెలుసన్నాడు. పేరు పడుతుందన్న ఆశన్నాడు. డైరెక్టరు అన్న మాట కూడా చెప్పాడు, దానికి తను మురిసిపోయిన సంగతీ దాచలేదు.

అంతలో ఒక పెద్దావిడ కోటు చేతికి వేసుకుని, మనవరాలితో లోపలికి వచ్చింది. కోటు భుజాలు వదులయ్యాయట. అక్క లేచింది. మేస్త్రి వాళ్లకు దారి ఇస్తూ స్టూలు పక్కకు లాక్కున్నాడు. ఇప్పుడు ఎలా కొలుస్తుందో చూడాల్సి వస్తుందని తల వంచుకున్నాడు.

అక్క గుడ్డ పక్కన పడేసి, కుడిచేత్తో టేపు లాగింది. పెద్దావిడ భుజాల మీద ఆ మూడు వేళ్లూ ఎప్పటిలాగే చకచకా తిరిగాయి. పిన్నులు గుచ్చింది, సుద్దతో గీసింది. "మీ భుజాలు తగ్గలేదండీ, కోటే ఒళ్లు చేసింది" అంది. పెద్దావిడ నవ్వింది. మనవరాలు నోరు తెరుచుకుని చూసి చూసి, "అమ్మమ్మా, పచ్చోడి చెయ్యి!" అని అరిచింది. పెద్దావిడ కంగారుపడి పిల్ల నోరు మూయబోయింది.

"వాడిదేనమ్మా. నా దగ్గరే అరువు తీసుకున్నాడు" అంది అక్క, వేళ్లు ఆడించి చూపిస్తూ. "ముట్టుకుంటావా? కరవదు." పిల్ల ముట్టుకుంది. ఒక వేలు పట్టుకుని ఊపింది కూడా. సాయంత్రానికి కోటు ఇస్తానని మాటిచ్చి అక్క వాళ్లిద్దర్నీ గుమ్మం దాకా సాగనంపింది. మేస్త్రికి ప్రాణం లేచొచ్చింది. హమ్మయ్య, ఏమీ కాలేదు, అక్క అక్కలాగే ఉంది అనుకుని తలెత్తాడు.

అక్క వచ్చి కూర్చుంది. గుడ్డ తీసి ఒళ్లో వేసుకుంది. కుడిచెయ్యి గుడ్డ కిందికి వెళ్లిపోయింది.

మేస్త్రి ఆ గుడ్డనే చూస్తూ ఉండిపోయాడు. అర్థం కావడానికి కొంత సమయం పట్టింది.

"అక్కా... వాళ్ల ముందు..."

"వాళ్లదేముందిరా. వాళ్లు చూస్తే ఇది నా చెయ్యే. పుట్టినప్పటి నుంచీ జనం చూస్తూనే ఉన్నారు, నాకు కొత్తా?" అంది అక్క. కళ్లు మాత్రం మిషను మీదే ఉన్నాయి. "నువ్వు చూస్తేనే ఏదోలా ఉంటోంది. తెగి కింద పడి ఉన్నట్టుంటోంది. నీ మీద కోపం లేదురా. కోపమైతే నాలుగు తిట్టి ఊరుకునేదాన్ని. ఎంత సర్దిచెప్పుకున్నా చెయ్యి బయటికి రావట్లేదు."

క్షమించమని అడగడానికి కూడా మేస్త్రికి ముఖం చెల్లలేదు. లేచి వెళ్లిపోదామనుకున్నాడు. వెళ్లిపోతే మళ్లీ ఎప్పుడు రాగలడో తెలియదు.

"సాయంత్రానికి కోటివ్వాలి" అంది అక్క మెల్లగా.

అతను స్టూలు జరిపి, గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. గోడకు సున్నం ఊడిపోయి ఉంది. కాసేపటికి వెనక మిషను తిరగడం మొదలైంది. మేస్త్రి తల తిప్పలేదు.